ఫోన్‌లో ఉన్న ఆ పేజీలన్నీ దేనికండీ?

(గ్రంథాలయ వారోత్సవాల్లో, కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో, సొంత ఊరి గురించి రాయాలనుకునేవాళ్ళ కోసం చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని ఎత్తి రాసింది. మాటల్ని పెద్దగా సరిచేయలేదు.)

అందరికీ నమస్కారమండి. వెనక కూర్చున్నవాళ్ళకి ఫ్యాను చప్పుడులో వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరగా పెట్టుకుంటాను.

ఆహ్వానం మీద నా అంశం "పరిశోధన, నోట్సు తయారీ" అని వేశారు. అది చూసే వచ్చినట్టున్నారు, చాలామంది చేతుల్లో కొత్త పుస్తకాలు కనపడుతున్నాయి. నోట్సు ఎలా రాయాలన్నది చెప్పడానికి ఎంతోసేపు పట్టదండి. దేనికి రాస్తున్నామన్నదే ఎంతకీ తెగదు. ఇందాక టీ దగ్గర ఒకబ్బాయి తన ఫోన్ చూపించాడు. సర్కారు వారు వేసిన జిల్లా వివరాల పుస్తకం, అదే గెజిటీరు, దాని పేజీలు, పేపరు కటింగులు, గుడి శాసనం ఫోటోలు, వాళ్ళ తాతగారి భూమి కాగితాలు, వేలితో అలా తోస్తుంటే వస్తూనే ఉన్నాయి. ఏం రాస్తున్నావు నాయనా అంటే "గోదావరి డెల్టా చరిత్ర అండి" అన్నాడు. అందులో ఏ సంగతి అంటే "ఇంకా అనుకోలేదండి, ముందు మెటీరియల్ మొత్తం పోగేద్దామని" అన్నాడు. (నవ్వులు) నవ్వకండి, ఇక్కడ ముప్పాతికమంది చేస్తున్నది అదే, ఆ అబ్బాయి దాచుకోకుండా చెప్పాడు.

"మెటీరియల్ మొత్తం" అనేది ఎప్పటికీ రాదండి. గోదావరి మీద కంపెనీ కాలం నుంచి ఇవాళ్టి పేపరు దాకా కాగితం ఉంది, ఒక జన్మలో చదవలేం. సంచి పట్టుకుని సంతలోకి వెళ్ళి, ఏం కొనాలో అనుకోకపోతే కనపడిందల్లా సంచిలో పడుతుంది, ఇంటికొచ్చాక కూరకి పనికొచ్చేది మాత్రం ఉండదు. కాబట్టి నేను ఇవాళ చెప్పేది ఒక్కటే. మీరు రాయబోయేదానికి ముందు ఒక ప్రశ్న ఉండాలి, ఒక్క వాక్యంలో పట్టేది. ఆ ప్రశ్నకు ఏదో ఒక వైపు నుంచి జవాబు చెప్పేదే నోట్సు, మిగతాది జిరాక్సు.

ప్రశ్న అంటే శీర్షిక కాదు. "కోనసీమ కొబ్బరి" శీర్షిక. "ఆనకట్ట చరిత్ర" శీర్షిక. శీర్షిక కింద ఏదైనా పడుతుంది, అందుకే దానికి నోట్సు రాయడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియదు. "అంబాజీపేట మార్కెట్లో కాయ ధర పడిపోయినప్పుడు మా ఊరి దింపు కార్మికులు ఏ పనికి వెళ్ళారు" అన్నారనుకోండి, అది ప్రశ్న. దానికి ఎవర్ని కలవాలో, ఏ ఏళ్ళ ధరలు చూడాలో, ఏ కాగితం తెరవక్కర్లేదో ఆ వాక్యమే చెప్పేస్తుంది.

నేను ఇప్పుడు రాస్తున్నదాన్నే తీసుకుందాం. మాది గోదావరి పాయ వశిష్ఠ పక్కన లంక. నా ప్రశ్న ఇది: 1986 గోదావరి వరద తర్వాత మా లంకలో కట్టిన ఇళ్ళ బేస్‌మెంట్లు ఎంత ఎత్తు లేచాయి, ఎవరివి లేవలేదు, ఎందుకు లేవలేదు. అంతేనండి. పది పేజీల వ్యాసం. దీన్ని ఒక అట్టముక్క మీద రాసి నోట్సు పుస్తకం లోపలి అట్టకి అంటించాను. ఏ ఆఫీసులో కూర్చున్నా, ఎవరి అరుగు మీద కూర్చున్నా ముందు ఆ ముక్క చదువుకుని తర్వాతే పెన్ను తీస్తాను.

ఆ ప్రశ్న పట్టుకుని వెళ్తే ముందు మీకు జరిగేదేమిటంటే, ఇష్టమైనవి చాలా వదులుకోవాల్సి వస్తుంది. మన వైపు కాటన్ దొర లేకుండా ఊరి చరిత్ర మొదలుపెట్టినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. (నవ్వులు) 1847లో గోదావరి ఆనకట్ట పని మొదలైంది, 1852లో పూర్తయింది, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, తర్వాత 1982 నాటికి కొత్త బ్యారేజీ వచ్చింది... ఇది ఏ ఊరి చరిత్ర తెరిచినా రెండో పేజీలో ఉంటుంది. ఆ దొర మీద నాకు గౌరవం లేక కాదు. కానీ నా బేస్‌మెంట్ల వ్యాసంలో ఆయనకి పని లేదు. ఏటిగట్టు ఎప్పుడు ఎత్తు పెంచారన్నది మాత్రం నాకు కావాలి, ఎందుకంటే గట్టుకి ఇవతల ఉన్న ఇంటికీ, గట్టుకీ ఏటికీ మధ్య ఉన్న ఇంటికీ లెక్కే వేరు. అదే ఆనకట్ట ఫైలు, అందులో నాకు కావలసిన పేజీలు వేరు, మీకు కావలసినవి వేరు.

ఒకే పేజీ ముగ్గురికి మూడు రకాలుగా ఎలా పనికొస్తుందో చూడండి. ఆనకట్టకి ముందు కాలం గురించి రాసే ప్రతివాళ్ళూ ఎత్తి రాసే అంకె ఒకటుంది. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821 ప్రాంతంలో 7 లక్షల 38 వేల పైచిలుకు, 1841కి అది 5 లక్షల 61 వేలకి దిగిపోయింది. పాత జిల్లా మాన్యువళ్ళలో, గెజిటీర్లలో ఉంటుంది. కరువు గురించి రాసేవాడు ఈ అంకె పక్కన ఏం రాసుకోవాలి? మధ్యలో 1832-33 నందన కరువు ఉందని రాసుకోవాలి, తగ్గినవాళ్ళందరూ చనిపోయినవాళ్ళు కాదు, ఊళ్ళు వదిలి పోయినవాళ్ళు కూడా అందులో ఉన్నారని రాసుకోవాలి. వలసల గురించి రాసేవాడికి చచ్చిపోయినవాళ్ళ సంగతి రెండోది, వెళ్ళినవాళ్ళు ఎటు వెళ్ళారన్నది మొదటిది. ఆనకట్ట ఎందుకు మంజూరైందని రాసేవాడికి అసలు అంకె కంటే ఆ అంకెని ఎవరు, ఎప్పుడు, ఎవరి ముందు పెట్టారన్నది ముఖ్యం. పేజీ ఒకటే, నోట్సులు మూడు. ప్రశ్న లేనివాడు మాత్రం అంకె ఒక్కటీ దించుకుని "అమ్మో" అని పక్కన రాసుకుంటాడు. ఆ అమ్మో ఆర్నెల్ల తర్వాత ఎందుకూ కొరగాదు.

ఇంకోటండి, అంకె దించుకునేటప్పుడు "జిల్లా" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. మన జిల్లాలు ఎన్నిసార్లు మారాయో మీకు తెలుసు కదా. 1859లో పాత జిల్లాలు కలిపి, విడదీసి గోదావరి, కృష్ణా జిల్లాలు చేశారు. 1904లో ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాల్ని గోదావరి నుంచి తీసి కృష్ణాలో కలిపారు. 1925లో మళ్ళీ తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి అన్నారు. 2022 ఏప్రిల్ 4న మన కోనసీమ వేరే జిల్లా అయింది. ఇప్పుడు మీరు 1907 గోదావరి గెజిటీరులో "జిల్లా మొత్తం మీద" అన్న అంకె చూసి, దాన్ని 1970ల తూర్పు గోదావరి అంకెతో పోల్చి, పైన ఇవాళ్టి కోనసీమ అంకె పెడితే ఆ మూడూ మూడు వేర్వేరు నేలలు. పోల్చానని మీరు అనుకుంటారు గానీ అక్కడ పోలిక ఏమీ లేదు. అందుకే నేను అంకె పక్కన ఏడాదితో పాటు "అప్పటి జిల్లా" అని ఒక మాట కచ్చితంగా వేస్తాను. రెండు నిమిషాల పని.

సరే, వరద దగ్గరకి వద్దాం, నా వ్యాసం అదే కాబట్టి. 1986 ఆగస్టు వరద అనగానే మనకి రెండు అంకెలు దొరుకుతాయి. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైన. 2022 జూలైలో మళ్ళీ పెద్ద నీళ్ళు వచ్చాయి, మీరందరూ చూసినవే, భద్రాచలంలో 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం దగ్గర 25 లక్షలు దాటింది. ఇప్పుడు చూడండి, భద్రాచలం అడుగుల్లో చూసినవాడు "86కి దాదాపు దగ్గరకొచ్చింది, నాలుగడుగులే తక్కువ" అని రాస్తాడు. ధవళేశ్వరం క్యూసెక్కుల్లో చూసినవాడు "86తో పోలిస్తే చాలా తక్కువ, పది లక్షల దాకా తేడా" అని రాస్తాడు. ఇద్దరూ కాగితం చూసే రాశారు, ఇద్దరి దగ్గరా అంకె నిజమే. అడుగులు అక్కడ నది ఎంత ఎత్తు లేచిందో చెబుతాయి, క్యూసెక్కులు సెకనుకి ఎంత నీరు దాటిందో చెబుతాయి. రెండూ వేరు.

ప్రమాద హెచ్చరికలు కూడా అంతే. భద్రాచలంలో మూడో హెచ్చరిక 53 అడుగుల దగ్గర ఇస్తారు, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 17.75 అడుగులకే ఇస్తారు. నోట్సులో ఊరి పేరు లేకుండా "మూడో ప్రమాద హెచ్చరిక, 53" అని రాసుకున్నవాడు ధవళేశ్వరం పేరా రాసేటప్పుడు ఏం చేస్తాడు? గుర్తుంది కదా అనుకుంటాడు. గుర్తుండదండి.

అయితే అసలు సంగతి ఇది. ఈ రెండు అంకెలూ నా ప్రశ్నకి జవాబు చెప్పవు! మా వీధిలో నీళ్ళు ఎంత లోతున నిలిచాయన్నది భద్రాచలం అడుగులూ చెప్పవు, ధవళేశ్వరం క్యూసెక్కులూ చెప్పవు. నాకు కావలసింది గోడ మీద గుర్తు. మా రామాలయం వెనక గోడకి ఎవరో రంగుతో గీత గీసి పక్కన 86 అని రాశారు, సున్నాలు వేసినప్పుడల్లా దాని చుట్టూ వదిలేసి వేస్తారు. ఆ గీత నేల నుంచి ఎంతుందో టేపు పెట్టి కొలిచి, ఆ నేల ఇప్పుడు మెరక చేసిన నేలా, అప్పటి నేలేనా అని అడిగి రాసుకున్నది నా పుస్తకంలో మొదటి పనికొచ్చే నోట్సు. సిమెంటు రోడ్డు వేసినప్పుడు గుడి ముందు నేల లేచింది, వెనక వైపు లేవలేదు. ముందు వైపు కొలిచి ఉంటే అంకె తక్కువ వచ్చేది. ప్రశ్న లేకపోతే నేను ఆ గుడికి వెళ్ళినా శాసనం ఉందేమో అని చూసి వచ్చేసేవాణ్ణి, వెనక గోడ దగ్గరకి ఎందుకు పోతాను?

మనుషుల్ని అడిగినప్పుడు ఎలా రాసుకోవాలో ఒకటి చదివి వినిపిస్తాను. పేరు చెప్పను, మా ఊరి తాపీ మేస్త్రి, డెబ్భై దాటాయి, మా వీధిలో సగం ఇళ్ళ గోడలు ఆయన చేతిలో లేచినవే. నా నోట్సులో ఇలా ఉంది:

"మేస్త్రి, వాళ్ళింటి పంచలో, సాయంత్రం, కొడుకు కూడా ఉన్నాడు. 'ఎనభయ్యారు నీళ్ళ మీద జానెడు లేపమనేవారండి. ఎవరూ అడుగులు చెప్పేవారు కాదు, జానెడే. అంత మట్టి తోలించుకోలేనివాళ్ళు అటక గట్టిగా వేయించుకునేవారు.' ఇది 'ఎవరివి లేవలేదు' అన్నదానికి. కొడుకు: 'ఇప్పుడు పిల్లర్లు లేపేస్తున్నారు, మట్టితో పనేముంది.' ఇది చివరి భాగానికి. అడగాలి: మట్టి ఎక్కడ నుంచి తెచ్చేవారు? ట్రాక్టరు లెక్కనా, గంప లెక్కనా? అటక వేయించుకున్న ఇళ్ళు ఇప్పుడు ఎన్ని మిగిలాయి?"

చూశారా, అందులో ఆయన మాట ఆయన మాటగానే ఉంది, కొటేషన్ గుర్తుల్లో. నా మాట బయట ఉంది. ఏ భాగానికి పనికొస్తుందో అప్పుడే రాశాను, ఇంటికెళ్ళాక కాదు. ఇంకా ఏం తెలియదో కూడా రాశాను. నా వరకు ఆఖరిదే అన్నిటికంటే విలువైంది, ఎందుకంటే మర్నాడు నేను ఎక్కడికి వెళ్ళాలో అది చెప్పేస్తుంది. మట్టి సంగతి అడగడానికి ట్రాక్టరు తోలినాయన దగ్గరకి వెళ్ళాను, ఆయన ఒక పాత చెరువు చూపించాడు, ఆ చెరువు గట్టు మీద నిలబడితే ఏ ఇళ్ళు దగ్గరో, ఏవి దూరమో కంటికే కనపడుతుంది. దూరంగా ఉన్న వీధికి మట్టి చేరడానికి డబుల్ ఖర్చు. లేవని ఇళ్ళు ఎక్కువగా ఆ వీధిలోనే ఉన్నాయి. ఆ వీధి ఎవరిదో మీ అందరికీ అర్థమైందనుకుంటాను, ప్రతి ఊళ్ళోనూ చెరువుకి, గుడికి, రోడ్డుకి దూరంగా ఉండే వీధి ఒకటుంటుంది. నా వ్యాసం అసలు అక్కడ మొదలైంది.

పెద్దవాళ్ళు తేదీలు చెప్పరు, ఇది మీకు అనుభవమే. "పెద్ద తుఫానుకి ముందండి" అంటారు. ఏ పెద్ద తుఫాను? కోనసీమలో నలభై ఏళ్ళు దాటినవాళ్ళకి అది 1996 నవంబరు 6, కొబ్బరిచెట్లు మొదలంటా పోయిన తుఫాను. ఎనభై దాటినవాళ్ళైతే 1969ది చెబుతూ ఉండొచ్చు. దివిసీమ నుంచి మనూరికి కోడలుగా వచ్చినావిడ "ఉప్పెన" అంటే 1977. సంవత్సరాల పేర్లు ఇంకా చిక్కు, నందన అన్నారనుకోండి, అరవై ఏళ్ళకోసారి వస్తుంది కాబట్టి అది 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కావచ్చు. కాబట్టి చెప్పినమాట అలాగే రాసుకుని పక్కన వెంటనే ఇంకో గుర్తు అడగండి. "అప్పటికి మీ పెద్దబ్బాయి పుట్టాడా? కరెంటు వచ్చిందా? రేవులో పంటు నడిచేదా?" ఇలాంటివి రెండు దొరికితే ఏడాది దానంతటదే తేలిపోతుంది.

ఇక పద్ధతుల గురించి తొందరగా చెప్పేస్తాను, ఇందులో పెద్ద విద్య లేదు. ఫోన్‌తో పుస్తకం ఫోటో తీసేటప్పుడు ముందు లోపలి శీర్షిక పేజీ తీయండి, తర్వాత మీ పేజీ, పేజీ నంబరు ఫ్రేములో పడేలా. నెట్‌లో స్కాన్ చేసిన పాత పుస్తకాలకి పీడీఎఫ్ పేజీ నంబరు ఒకటుంటుంది, పుస్తకంలో అచ్చయిన నంబరు ఇంకొకటుంటుంది, అచ్చు నంబరే రాసుకోండి. పేపరు కటింగ్ అయితే తేదీతో పాటు ఏ ఊరి ఎడిషనో రాయండి, జిల్లా పేజీల్లో వచ్చినవి వేరే ఎడిషన్లో ఉండవు. రెవెన్యూ కాగితాలైతే అది ఏటేటా సాగు లెక్క రాసే అడంగలా, సర్వే నంబర్ల వారీగా ఉండే పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు డైగ్లాటా, ఏ ఆఫీసులో చూశారు అన్నది రాయండి. ఇంగ్లీషు గెజిటీరు చదివితే నోట్సు తెలుగులో మీ మాటల్లో రాయండి, ఎందుకంటే మీరు రాసేది తెలుగులో కదా. ఇంగ్లీషు వాక్యం దించుకుని తర్వాత తెలుగు చేద్దామనుకుంటే వ్యాసం మొత్తం "చేయబడినది", "కలిగియున్నది" అని నడుస్తుంది, చదవలేం. ఒక్క అంకెలు, పేర్లు మాత్రం ఉన్నవున్నట్టు దించుకోండి.

నీలం పెన్ను, ఎర్ర పెన్ను అని ఒక అలవాటుంది నాకు. వాళ్ళు చెప్పింది నీలంలో, నాకు తోచింది ఎర్రలో. మూడు నెలల తర్వాత చూస్తే "మట్టి ఖర్చే అసలు కారణం" అని ఒక వాక్యం ఉంటుంది, అది మేస్త్రి అన్నాడా, నేను అనుకున్నానా? రంగు చెబుతుంది. ఫోన్‌లో టైప్ చేసేవాళ్ళు ముందు "నేను:" అని పెట్టుకోండి, అదీ చాలు.

కుర్రాళ్ళు చాలామంది ఇప్పుడు యూట్యూబ్‌లో నోట్సు యాప్‌ల గురించి చూస్తున్నారు, ఒకమ్మాయి నన్ను జెటెల్‌కాస్టెన్, అంటే కార్డుల పెట్టె పద్ధతి, గురించి అడిగింది. నిక్లాస్ లూమన్ అని జర్మనీ సమాజ శాస్త్రవేత్త, ఆయన జీవితమంతా రాసి పెట్టెల్లో దాచిన కార్డులు 90 వేల దాకా ఉన్నాయి, ఒక్కో కార్డుకి నంబరు, ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి. గొప్ప పనే. దాన్ని చూసి మనవాళ్ళు లింకులు కలుపుతూ కూర్చుంటున్నారు, స్క్రీన్ మీద సాలెగూడులా బొమ్మ వస్తుంది, చాలా అందంగా ఉంటుంది. వ్యాసం మాత్రం రాదు. ఆ వీడియోల్లో చెప్పని సంగతి ఒకటుంది. 1969లో ఆయన బీలెఫెల్డ్ విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు నీ ప్రాజెక్టు ఏమిటని అడిగితే, సమాజ సిద్ధాంతం, వ్యవధి 30 ఏళ్ళు, ఖర్చు ఏమీ లేదు అని చెప్పాడట. 1997లో, చనిపోవడానికి ఏడాది ముందు, ఆ పుస్తకం వచ్చింది. అంటే ఆ కార్డుల పెట్టెకి కూడా ఒక వాక్యం ఉంది! ఆయన వాక్యానికి ముప్పై ఏళ్ళు పట్టింది. మీకు సంక్రాంతి సంచికకి పది పేజీలు కావాలి. పెట్టె కూడా ఆ మేరకే ఉంటే చాలు.

మన దగ్గర ఉదాహరణ కావాలంటే భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం చూడండి. 1962లో వ్యవసాయ పదాల సంపుటం వచ్చింది, 1971లో చేనేత పదాలది. తెలుగు మాటలన్నీ పోగేద్దామని బయల్దేరలేదు వాళ్ళు. ఒక్కో వృత్తి, ఆ వృత్తిలో ఏ వస్తువుని, ఏ పనిని ఏ జిల్లాలో ఏమంటారు. ప్రశ్న అంత కచ్చితంగా ఉంది కాబట్టి నోట్సు రూపం దానంతటదే వచ్చింది: మాట, అర్థం, ఏ ప్రాంతం. ప్రాంతం రాయని మాట అక్కడ ఎంత మంచి మాటైనా ఎందుకూ పనికిరాదు. మీరు కూడా మీ ప్రశ్నకి ఏది లేకపోతే నోట్సు చెల్లదో అది ఒకటి తేల్చుకోండి. నా వ్యాసానికి అది ఇల్లు ఏ ఏడు కట్టారన్నది. అది లేని ఇంటిని లెక్కలోకి తీసుకోను, ఇల్లు ఎంత ముచ్చటగా ఉన్నా.

రాయడం మొదలుపెట్టేటప్పుడు ఒక మాట. నోట్సు ముందు పెట్టుకుని రాయకండి. పుస్తకం మూసేసి, తెలిసినంత మేర ఏకధాటిగా రాసేయండి, తేదీ గుర్తు రాకపోతే "ఇక్కడ తేదీ" అని వదిలేసి ముందుకెళ్ళండి. తర్వాత నోట్సు తెరిచి ఖాళీలు నింపండి. ఎదురుగా పెట్టుకుని రాస్తే ప్రతి నోట్సూ నన్ను పెట్టు, నన్ను పెట్టు అంటుంది, మీరు మొహమాటపడి అన్నీ పెడతారు. (నవ్వులు) ఊరి చరిత్రలు చదవలేకపోవడానికి సగం కారణం ఈ మొహమాటమే. ఎమ్మెల్యేల జాబితా, సర్పంచుల జాబితా, దాతల జాబితా... దొరికింది కాబట్టి వేసేస్తారు.

ఇక అడగండి.

(ఒక విద్యార్థిని: మాస్టారండీ, మా నాయనమ్మ మాట్లాడింది గంటల కొద్దీ రికార్డు చేశాను. అదంతా కాగితం మీద పెట్టాలా?)

వద్దమ్మా. ముందు నీ వాక్యం రాసుకో, అది ఎదురుగా పెట్టుకుని ఒకసారి మొత్తం విను. పనికొచ్చే చోట ఎన్నో నిమిషమో రాసుకుని ఆ ముక్క మాత్రం మాటకి మాట ఎత్తి రాయి. మిగతాదానికి "పదో నిమిషం నుంచి పెళ్ళి సంగతులు" అని ఒక లైను చాలు, రేపు పెళ్ళిళ్ళ మీద రాస్తే వెతుక్కోవచ్చు. రికార్డింగ్ మాత్రం తుడిచేయకు, ఇంకో చోట కాపీ పెట్టు. నాయనమ్మకి కూడా చెప్పు, ఏ మాటలు అచ్చులో రావచ్చో, ఏవి రాకూడదో ఆవిడే చెబుతుంది.

(వెనక నుంచి ఒక పెద్దాయన: ప్రశ్న ముందే పెట్టేసుకుంటే మనకి కావలసిందే కనపడుతుంది కదండీ? ఎదురుగా ఉన్నా మిగతాది చూడం.)

మంచి మాటండి, ఇది నిజం కూడా. అందుకే నేను పుస్తకంలో వెనక నుంచి కొన్ని పేజీలు విడిచిపెడతాను, నా ప్రశ్నకి ఎదురు తిరిగేవి అక్కడ రాయడానికి. ముందు వైపు రాసినా రాయకపోయినా ఆ వెనక పేజీలు మాత్రం రాయక తప్పదు. నా ప్రశ్న "86 తర్వాత" అని కదా. ఆ వెనక పేజీల్లో ఇప్పుడు ఎత్తు బేస్‌మెంట్ ఉండి, 86 కంటే చాలా ముందే కట్టిన ఇళ్ళు చేరాయి. అడిగితే "యాభై మూడు నీళ్ళు చూసి కట్టారండి మా మావగారు" అన్నారు ఒకావిడ. అంటే 1953 వరద. దాంతో అట్టముక్క మీద వాక్యం మార్చాను, ఇప్పుడది "పెద్ద వరద వచ్చిన ప్రతిసారీ" అని ఉంది. వాక్యం మారినప్పుడు పాత నోట్సు అంతా మళ్ళీ చదవాలి, విసుగ్గా ఉంటుంది, కానీ ముందు పనికిరాదనుకున్నవి కొన్ని లేచి కూర్చుంటాయి. కాబట్టి ప్రశ్న శిలాశాసనం కాదండి. ప్రశ్న మార్చుకోవడం వేరు, ప్రశ్నే లేకపోవడం వేరు.

(ఇందాకటి అబ్బాయి: మరి నా ఫోన్‌లో ఉన్నవి ఏం చేయమంటారండి? డిలీట్ చేసేయనా?)

అయ్యో, డిలీట్ ఎందుకు నాయనా. ఇవాళ రాత్రి కూర్చుని వాటిని చూడు. ఏది చూసినప్పుడు ఆగావో, రెండుసార్లు చూశావో అవి పక్కన పెట్టు. అందులో నీ ప్రశ్న ఉండే అవకాశం ఉంది. మీ తాతగారి భూమి కాగితాల్లో ఒకచోట సర్వే నంబరు కొట్టేసి పక్కన "ఏటి కోత" అని రాసి ఉంది, నువ్వు గబగబా తోసేశావు, నేను చూశాను. ఆ పొలం ఇప్పుడు ఉందా?

(లేదండి, గోదాట్లో కలిసిపోయింది.)

ఎప్పుడు కలిసింది, దానికి శిస్తు ఎప్పటిదాకా కట్టారు? మీ నాన్నగారికి తెలుస్తుందా?

(తెలుస్తుందనుకుంటానండి. మా పెదనాన్నకి ఇంకా బాగా తెలుసు.)

అయితే ముందు పెదనాన్నగారి దగ్గరకి వెళ్ళు. ఆ కాగితం పట్టుకెళ్ళు, ఫోన్‌లో ఫోటో కాదు, అసలు కాగితం. చేతికిస్తే ఆయన ఇంకో నాలుగు తీస్తారు. గెజిటీరు సంగతి తర్వాత చూద్దాం.